రెండక్షరాల లీకు

ఆ ఎండాకాలం మా ఆయన ఒక కాగితం మీద రెండక్షరాలు కొట్టేశారు. మామూలు నీలం బాల్‌పెన్నుతో, అర అంగుళం గీత. దాని పుణ్యమా అని తొమ్మిది దేశాలు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకున్నాయి. మూడు వందల మంది బతుకులు గాలిలో దీపాలయ్యాయి. మా ఇంట్లో పన్నెండు రోజులు గిన్నెల చప్పుడు తప్ప మాట చప్పుడు లేదు.

నేను లీకులు పట్టే మనిషిని. కుళాయి లీకులు కాదు. సూర్యుడిలో మండే మంటను ఒక ఉక్కు పాత్రలో మండించి కరెంటు తీయాలని తొమ్మిది దేశాలు కలిసి ఒక యంత్రం కడుతున్నాయి. పరమాణువులను చీల్చడం కాదు, కలపడం. ఫ్యూజన్ అంటాం. ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు కనుక తలా ఒక ముక్క చేసి తీసుకురావాలని ఒప్పందం. మా వాటాకు ఆ పాత్రలో ఒక తొన వచ్చింది. బత్తాయి తొన ఆకారమే, కాకపోతే ఉక్కుది, రెండంతస్తుల మేడంత ఎత్తు. లోపల గాలన్నది ఉండకూడదు. సూదిమొన దూరని సందున్నా మంట ఆరిపోతుంది.

ఆ సందును పట్టుకోవడం నా పని. తొన లోపలి గాలంతా లాగేసి, బయట అతుకు వెంట సన్నగా హీలియం వాయువు ఊదుకుంటూ పోతాను. లోపలికి ఒక్క రవ్వ దూరినా అవతల యంత్రం కూస్తుంది. ఆ యంత్రాన్ని మేం ముక్కు అంటాం. నన్ను ముక్కు మేడం అంటారు. నా ముఖం చూసినవాళ్లు, పేరు అందుకే వచ్చిందనుకుంటారు. అది వేరే సంగతి.

రెండు వందల పన్నెండు మీటర్ల అతుకు, నలభై రోజుల పరీక్ష. ముక్కు ఒక్కసారి కూడా కూయలేదు. చివరి రోజు మధ్యాహ్నం నివేదికలో రాశాను: "లీకు ఆనలేదు. ఆనే హద్దు ఇంత." ఆ హద్దు ఎంతంటే, చిటికెన వేలి కొసంత గాలి కారడానికి ముప్పై ఏళ్లు పట్టాలి. అంతకన్నా చిన్న సందుంటే మా ముక్కుకు ఆనదు.

డైరెక్టరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివారు.

"అమ్మా, ఈ 'ఆనలేదు' ఏంటమ్మా, ముసలాళ్ల చూపులాగా? 'లేదు' అని రాస్తే ఏం పోతుంది?"

"ఉద్యోగం సార్."

"ఎవరిది?"

"ముందు నాది. తర్వాత మీది."

ఆయన నవ్వి సంతకం పెట్టేశారు. ఆయనకూ తెలుసు. 'లేదు' అనే మాట మా పనిలో బూతుతో సమానం. లీకు లేని వస్తువు ఈ భూమ్మీద పుట్టలేదు. మన పరికరానికి ఆనిందా, ఆనలేదా, అంతే. 'లేదు' అని రాసినవాడు పరీక్ష చేయలేదని నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. రెండేళ్ల క్రితం ఇంకో దేశం వాళ్లు 'సున్నా' అని రాసి పంపిన గొట్టాలు అక్కడికి వెళ్లాక జల్లెళ్లని తేలాయి. అప్పటి నుంచి తొమ్మిది దేశాల్లోనూ ఆ మాట కనపడితే పెద్ద గొడవే.

*

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. రోజుకు నాలుగు గంటలు కరెంటు కోత. జనం చేతుల్లో విసనకర్రలు, నోట్లో తిట్లు. "ఇరవై ఏళ్లుగా సూర్యుణ్ణి వండుతున్నారు, ఒక్క బల్బు వెలిగిందా?" అని సభల్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వెంటనే ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఫ్యూజన్ మీద దేశానికి ఒక విధానం రాయాలి. దారులు మూడు: ఈ తొమ్మిది దేశాల జట్టులో కొనసాగడం, పక్కన నిలబడి చూడటం, బయటికి వచ్చేయడం. మూడోది అయితే మా ల్యాబు మూత. తొన తుక్కు.

ఆ కమిటీ కాగితాలన్నీ కూర్చి, కుదించి, కేబినెట్‌కు నోటు తయారు చేసే సెక్షన్ ఆఫీసరు ఎవరయ్యా అంటే మా ఆయనే.

ఫైలు తన బల్ల మీదికి వచ్చిన రోజే, "మా ఆవిడ ఆ ల్యాబులో పనిచేస్తుంది" అని రాసి పైకి పంపారు. "మనుషులు లేరు, మీరే చూడండి" అని రెండు గంటల్లో తిరిగొచ్చింది. మూడు వందల పేజీలను ఒక పేజీ చేయగల మనిషి వాళ్లకు ఇంకొకరు లేరు. ఆఫీసులో ఆయన్ని సంక్షేపం గారు అంటారు.

అందుకని మా అత్తయ్య ఇంట్లో ఒక రూలు పెట్టింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై రెండేళ్లు ఆపరేటరు.

"ఊళ్లో అందరి గుట్టూ ఈ చెవుల్లోంచే పోయింది. వినడం, కలపడం, మర్చిపోవడం. మీరిద్దరూ అంతే. ఆ సూర్యుడి గొడవ ఈ గడప లోపల ఎత్తారంటే ఇద్దరికీ వంట బంద్."

"నువ్వెప్పుడు వండావమ్మా?" అన్నారు ఆయన.

"వండనురా. మీ ఆవిడ్ని వండనివ్వను."

నివేదిక పంపిన నాలుగో రోజు సాయంత్రం. కరెంటు లేదు. ముగ్గురం వాకిట్లో కుర్చీలేసుకుని టీ తాగుతున్నాం. ఆయన చొక్కా వెనకంతా తడిసి ఉంది. ఉన్నట్టుండి అడిగారు:

"అమ్మా, ఇంట్లో చక్కెర లేదు అనడానికీ, కనపడలేదు అనడానికీ తేడా ఏంటి?"

"లేదంటే కొట్టుకి పోవాలి. కనపడలేదంటే వెతకాలి."

"వెతికే టైము లేకపోతే?"

"చప్పగా తాగు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఆఫీసులో ఎవరితోనో మాటొచ్చి ఉంటుందనుకున్నాను. ఆ పొద్దున్నే ఆయన ఆ గీత గీసి వచ్చారని నాకేం తెలుసు?

వారం తిరగకుండా కబురొచ్చింది. జట్టులో కొనసాగుతున్నాం! పదేళ్ల ఒప్పందం మీద సంతకాలు ఆ నెలాఖరుకు. ల్యాబులో ఈలలు, కేకలు. వెల్డర్ల మేస్త్రీ, మనిషి ఆరడుగులు, తొనకు చెంప ఆనించి ఏడ్చాడు. దాన్ని అతికింది ఆయనే. నేను ఇంటికెళ్లి మా ఆయనకేసి చూశాను. రూలు గుర్తుంది కనుక ఏమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

*

తర్వాత పదో రోజు డైరెక్టరు పిలిచారు. గదిలో ఫ్యాను తిరగడం లేదు, అయినా తలుపులు వేసి ఉన్నాయి.

"కూర్చోమ్మా. నీ కార్డు ఇలా ఇవ్వు."

పరీక్షల హాలు తలుపు తెరిచే కార్డు అది. పదహారేళ్లుగా నా మెడలో ఉంది. ఇచ్చాను.

"ఏమైంది సార్?"

ఆయన బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి నా నివేదిక, మేం నేరుగా యంత్రం కట్టే చోటికి పంపినది. రెండోది మా ప్రభుత్వం ఒప్పందంతో పాటు తొమ్మిది దేశాలకూ పంపిన విధాన పత్రం. అందులో ఒక వాక్యం కింద అక్కడివాళ్లు ఎర్రగీత గీశారు: "మన తొనలో లీకు లేదు."

"దీన్ని వాళ్ల భాషలోకి ఎలా తిప్పారో తెలుసా? 'లీకు: సున్నా.' ఒకే దేశం నుంచి రెండు కాగితాలు, రెండు మాటలు. ఏది నిజం అని అడుగుతున్నారు. పన్నెండు రోజుల్లో మనుషులొస్తారు. మన జవాబు వాళ్లకి నచ్చకపోతే తొన తీసుకోరు. ఒప్పందం ఆగిపోతుంది."

"నేను 'లేదు' అని రాయలేదు సార్."

"నాకు తెలుసు. సచివాలయానికి తెలియాలిగా. నువ్వు వాళ్లకో కాగితం, అక్కడికో కాగితం పంపావంటున్నారు." ఇంకో జిరాక్సు కాగితం నా ముందుకు తోశారు. "ఇది వాళ్ల ఫైల్లో ఉన్న నీ నివేదిక. ఎలాగోలా తెప్పించాను. చూడు."

చూశాను. 'లీకు ఆనలేదు' అన్న చోట 'ఆన' మీద ఒక గీత. మిగిలింది 'లీకు లేదు'. గీత తిన్నగా వెళ్లి, చివర పైకి లేచి, తేలు కొండిలా వంకర తిరిగి ఉంది. సరుకుల చీటీలో 'సబ్బు' కొట్టేసినా ఆ కొండి ఉంటుంది. క్యాలెండరు మీద తారీఖు కొట్టేసినా ఉంటుంది. పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను.

"ఎవరి చెయ్యో పోల్చుకోగలవా?" డైరెక్టరు అడిగారు.

"లేదు సార్."

పదహారేళ్ల ఉద్యోగంలో నేను 'లేదు' అన్నది అదే మొదటిసారి.

*

ఇంటికి వెళ్లేసరికి ఆయన పెరట్లో డ్రమ్ముకు నీళ్లు పడుతున్నారు. పైపు చేతిలో ఉంది. నేను వెళ్లి కుళాయి కట్టేశాను.

"కొండి గీశారు," అన్నాను.

ఆయనకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత పైపు డ్రమ్ములో వదిలేసి, చేతులు చొక్కాకు తుడుచుకున్నారు.

"చూశావా?"

"అందరూ చూశారు. పోల్చుకుంది నేనొక్కదాన్నే."

"ఆ కమిటీ ఛైర్మన్ సంగతి నీకు తెలీదు. నీ కాగితం చేత్తో పట్టుకుని ఊపాడు. 'ఆనలేదంటే ఏంటయ్యా? ఉందా, లేదా? వీళ్లకే తెలీనప్పుడు మనకెందుకీ యంత్రం?' అన్నాడు. మూడో దారి మీద టిక్కు పెట్టడానికి పెన్ను తీశాడు. నా కళ్ల ముందే. 'రేపు శుభ్రంగా టైపు చేసి తెస్తాను సార్' అన్నాను. తెచ్చాను. రెండక్షరాలు. ముప్పై ఏళ్లకి చిటికెన వేలంత గాలి, అది లేనట్టే కదా?"

"అది చెప్పాల్సింది నేను."

"నీ ల్యాబు మూసేస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా? నిన్ను కాపాడదామనే..."

"నన్ను కాపాడమని నేనెప్పుడు దరఖాస్తు పెట్టుకున్నానండీ?"

వంటింటి కిటికీలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఒరేయ్, చక్కెర ఉండగానే లేదన్నది నువ్వేనా?"

"నువ్వు లోపలికెళ్లమ్మా!"

"నేను లోపలే ఉన్నా. మీరే బయట పడ్డారు."

ఆయన డ్రమ్ము అంచు మీద కూర్చున్నారు. "నేను మూడు వందల పేజీలు ఒక పేజీ చేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎప్పుడూ ఏదీ పోలేదు."

"పోయింది. మీకు ఆనలేదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం ఎలా పాలిపోయిందంటే, నేనే వెళ్లి కుళాయి మళ్లీ విప్పాను. నీళ్ల చప్పుడైనా ఉంటుందని.

*

సచివాలయం వాళ్లు జవాబు సిద్ధం చేసుకున్నారు. మీటింగుకు ముందు రోజు కార్యదర్శి నన్ను పిలిపించారు. మర్యాదస్తుడు, మంచినీళ్లు తెప్పించాడు. ఒక టైపు చేసిన కాగితం ఇచ్చాడు. దాని సారం: మంత్రిత్వ శాఖకు పంపిన ప్రతిలో 'లేదు' అని నేనే పొరపాటున రాశాను, తర్వాత సవరించుకున్నాను.

"నీకేం కాదమ్మా. ఒక హెచ్చరిక లేఖ, అంతే. ల్యాబు నిలుస్తుంది, ఒప్పందం నిలుస్తుంది."

"నా పేరు సార్?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. తొమ్మిది దేశాలకూ కలిపి లీకు పరీక్షకుల జాబితా ఒకటి ఉంది. అందులో పేరున్నవాళ్ల సంతకమే చెల్లుతుంది. 'లేదు' అని రాసినట్టు ఒప్పుకుంటే అందులోంచి నా పేరు కొట్టేస్తారు. నలభై రోజుల నా పరీక్ష చెల్లదు, ఇంకో దేశం మనిషి వచ్చి మళ్లీ చేస్తాడు. నాకు చేతనైన పని ఇదొక్కటే.

ఆ సాయంత్రం ఆయన రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. మీటింగుకు మినిట్స్ రాసేది ఆయనే. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను.

"నేను సంతకం పెట్టేస్తాను."

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"మీరు నోరు విప్పొద్దు. నోటు దిద్దారని తెలిస్తే కేబినెట్ నిర్ణయమే చెల్లదంటారు. మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఛైర్మన్ ఈసారి టిక్కు పెట్టేస్తాడు. మూడు వందల ఇళ్లండీ. మేస్త్రీకి ముగ్గురు పిల్లలు. నా ఒక్క సంతకంతో పోయేదానికి మీ ఉద్యోగం కూడా ఎందుకు?"

ఆయన కాలరు తిరగేసి రెండోవైపు ఇస్త్రీ చేశారు. చొక్కా కాస్త మాడింది.

*

పొద్దున పదకొండు గంటలు. పొడవాటి బల్ల. ఒకవైపు కార్యదర్శి, ఛైర్మన్, మా డైరెక్టరు, నేను. ఎదురుగా యంత్రం కట్టే చోటు నుంచి వచ్చిన ఇద్దరు, వాళ్ల దుబాసీ. ఇద్దరిలో పెద్దావిడ తలంతా తెల్లజుట్టు. ఆవిడా లీకులు పట్టే మనిషేనని కూర్చోగానే తెలిసింది. గదిలోకి వస్తూ కిటికీ సందులన్నీ చూసుకుంటూ వచ్చింది. మాకా జబ్బు పోదు. బల్ల చివర, గోడ పక్కన చిన్న మేజా మీద మా ఆయన, ముందు మినిట్స్ పుస్తకం.

కార్యదర్శి ఉపోద్ఘాతం పావుగంట సాగింది. తెల్లజుట్టావిడ మధ్యలో ఆపింది. దుబాసీ చెప్పాడు:

"ఆవిడకి ఒకటే ప్రశ్నట. 'లేదు' అన్న మాట ఎవరు రాశారు?"

కార్యదర్శి నాకేసి చూశాడు. టైపు కాగితం నా ముందే ఉంది, పక్కన పెన్ను. నేను పెన్ను తీసుకున్నాను. మూత విప్పాను.

గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. ఏసీ కూడా ఆగి ఉంది, కోత సమయం. ఆ నిశ్శబ్దంలో ఒక్క చప్పుడు వినపడుతోంది. కాగితం మీద పెన్ను గీకుతున్న చప్పుడు. నాది కాదు.

కార్యదర్శి తల తిప్పాడు. "ఏమయ్యా, ఎవరూ ఏమీ మాట్లాడలేదుగా. ఏం రాస్తున్నావ్?"

"ప్రశ్నకి జవాబు సార్."

"ఏం జవాబు?"

"చదవమంటారా?"

కార్యదర్శి వద్దనేలోపు ఛైర్మన్, "చదవవయ్యా," అన్నాడు, విసుగ్గా.

మా ఆయన లేచి నిలబడి, ఆఫీసు గొంతుతోనే చదివారు. "ప్రశ్న: 'లేదు' అన్న మాట ఎవరు రాశారు. జవాబు: ఈ మినిట్స్ రాస్తున్న సెక్షన్ ఆఫీసరు. ల్యాబు పంపిన నివేదికలో 'ఆనలేదు' అని ఉంది. అందులో మొదటి రెండక్షరాలు సదరు ఆఫీసరు, ఎవరూ చెప్పకుండా, తనంతట తాను కొట్టేశాడు. పరీక్షకురాలికి ఈ విషయం తెలియదు."

"తెలిసే మాట్లాడుతున్నావా?" కార్యదర్శి గొంతు కీచుమంది.

"మాట్లాడటం లేదు సార్. రాస్తున్నాను. మినిట్స్‌లోకి ఎక్కింది, ఇక కొట్టేయకూడదు."

దుబాసీ మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. తెల్లజుట్టావిడ చివరిదాకా విని, నా చేతిలోని పెన్నుకేసి, ముందున్న కాగితానికేసి చూసింది. చేయి చాచి ఆ కాగితం తన వైపు లాక్కుని, చదవకుండానే బోర్లా పెట్టింది. తర్వాత మా ఆయన్ని ఏదో అడిగింది.

"ఎందుకు కొట్టేశారంటున్నారు."

ఆయన నాకేసి చూడలేదు. "'లేదు' అంటే మావాళ్లకి అర్థమవుతుందని."

దుబాసీ అది చెప్పగానే ఆవిడ పెద్దగా నిట్టూర్చి నాలుగు ముక్కలు మాట్లాడింది.

"వాళ్ల మంత్రుల దగ్గరా ఇలాంటి ఆయన ఉన్నాడట. కాకపోతే ఆయన లేచి నిలబడడట."

ఛైర్మన్ మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. "అయితే ఇంతకీ లీకు ఉందా, లేదా?"

అప్పుడు నేను పెన్నుకు మూత పెట్టాను. "సార్, మీకు గుండె జబ్బు ఉందా?"

"లేదు."

"ఎవరన్నారు?"

"డాక్టరు."

"డాక్టరు పరీక్ష చేసి 'నాకేం కనపడలేదు' అంటే నమ్ముతారా, పరీక్ష చేయకుండా 'లేదు' అంటే నమ్ముతారా?"

ఛైర్మన్ అప్రయత్నంగా ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. "దాన్నేనా ఆనలేదంటారు?" అన్నాడు. "ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా!"

"మొదట్లోనే రాశాం సార్," అన్నారు మా డైరెక్టరు.

*

తెల్లజుట్టావిడ తన హీలియం సీసా తానే తెచ్చుకుంది. అతుకు మీద తనకు నచ్చిన ముప్పై చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, మూడు రోజులు పరీక్షించింది. నా కార్డు నాకు తిరిగిచ్చారు. ఆవిడ ఊదుతుంటే నేను ముక్కు దగ్గర కూర్చున్నాను. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. అవసరం పడలేదు. మూడో రోజు ఆవిడ తన భాషలో ఒక మాట రాసి సంతకం పెట్టి, నా వైపు తిప్పింది. దుబాసీని అడగకుండానే అర్థమైంది. ఆనలేదు.

నోటు మళ్లీ కేబినెట్‌కు వెళ్లింది. ఆ తొమ్మిది రోజులు మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి మొదటి పేజీ నా నివేదికే, ఉన్నదున్నట్టుగా. ఛైర్మనే లేచి 'ఆనలేదు' అంటే ఏమిటో మంత్రులకు గుండె మీద చేయి వేసుకుని మరీ చెప్పాడట, అదేదో తాను కనిపెట్టినట్టు. జట్టులో కొనసాగాలనే నిర్ణయం నిలిచింది. విధాన పత్రంలో కొత్తగా ఒక వాక్యం చేరింది: పరీక్షల నివేదికలను పూర్తి ప్రతిగానే జతపరచాలి, సంక్షేపించరాదు. మా ఆయన పుణ్యమా అని ఆయన పనికే ప్రభుత్వం తాళం వేసింది.

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. ప్రమోషన్ ఆపేసి, రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఫారాల గిడ్డంగికి బదిలీ చేశారు. అక్కడ కుదించడానికేమీ లేదు, అన్నీ ఖాళీ కాగితాలే. శనివారం సాయంత్రం వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్తారు. మొదటి వారం సంచి సర్దుతూ అడిగాను:

"నేను వద్దన్నాగా. ఎందుకు చెప్పారు?"

"నువ్వు పెన్ను మూత విప్పావు." దువ్వెన సంచిలో వేసుకున్నారు. "ఆ కాగితం మీద సంతకం పెట్టాక నువ్వు ఇంటికొచ్చి నాతో భోంచేస్తావు. రోజూ. అది నేను చూడలేను."

*

తొలి వానలు పడ్డాక తొన బయల్దేరింది. మనిషి నడిచే వేగంతో కదిలే, నూట ఇరవై చక్రాల బండి మీద. దాని ముందు వీధి దీపాల తీగలు ఎత్తిపట్టుకుంటూ కరెంటు ఆఫీసువాళ్లు. ల్యాబు గేటు బయట రోడ్డు పక్కన జనం. ఆయన సెలవు పెట్టుకుని వచ్చారు. సన్నటి వానలో ఒకే గొడుగు కింద నేనూ, ఆయనా, అత్తయ్యా నిలబడ్డాం.

"ఇంత తొన, దీన్ని ఒలిచిందెవరే అమ్మాయ్?" అంది అత్తయ్య.

బండి వెనక వ్యానులో దస్తావేజులు వెళ్తున్నాయి. ప్రతి ముక్కకూ ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని ఏ ఉక్కుతో చేశారు, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు, ఎక్కడ తేడా వచ్చింది, ఎలా సరిచేశారు, అంతా. యంత్రం ఉన్నన్నాళ్లూ ఆ పుస్తకం ఉంటుంది. వందేళ్లకైనా ఎవరైనా తెరిచి చూడొచ్చు.

"మీకొకటి చెప్పలేదు," అన్నాను. "ఆ తెల్లజుట్టావిడ మీ మినిట్స్ పేజీ అడిగి తీసుకుంది. తేడా వచ్చిన చోటు కింద అది కూడా పుస్తకంలో కుట్టించింది. నాలుగు వందల పన్నెండో పేజీ."

ఆయన మొహం బిగుసుకుంది. "టైపు చేయించారా?"

"లేదు. మీ చేతిరాతే. ఉన్నదున్నట్టు."

"నేను నిలబడి చదివిందా? హడావిడిలో రాసిందా?"

"అదే."

"అందులో తప్పులేమైనా ఉన్నాయా?"

ఆయనకు అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"'సదరు' దగ్గర రకి కొమ్ము పడలేదు. 'సదర' అని ఉంది."

"అయ్యో!" ఆయన గొడుగులోంచి వానలోకి వచ్చేశారు. "తొమ్మిది దేశాలు చూస్తాయి! వ్యాను ఆపించు. ఒక్క కొమ్ము, ఒక్క నిమిషం పని..." రెండడుగులు ముందుకు వేశారు కూడా. పెన్ను అప్పటికే జేబులోంచి బయటికొచ్చింది.

వ్యాను గేటు దాటి మలుపు తిరిగింది.

ఆయన రోడ్డు మధ్యలో పెన్ను పట్టుకుని అలాగే నిలబడి, వెనక్కి తిరిగి నన్ను చూశారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. ఆ ఎండాకాలం మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నేను వెళ్లి చేయి పట్టుకుని పక్కకు లాగాను. వెనకాల ఇంకా బళ్లు వస్తున్నాయి.